సొరపిందె రాలకుండా: సాయంత్రం ఆరింటికి చేయాల్సిన పని

పందిరి నిండా తెల్లపూలు. మధ్యమధ్య వేలెడు పిందెలూ కనిపిస్తాయి. వారం తిరక్కుండానే ఆ పిందెలు కొసనుంచి పసుపు తిరిగి, మెత్తబడి, రాలిపోతాయి. అప్పుడు మనం మొదట చేసేది ఇంకాస్త ఎరువు వేయడం. తర్వాత వేపనూనె కొట్టడం. అదీ అయ్యాక, ఎవరిదో దిష్టి తగిలిందని పందిరి గుంజకు పాత చెప్పు కట్టడం. ఈ మూడూ నేను చేసినవే, వరసగా రెండేళ్ళు. మూడో ఏడు ఒకరోజు కరెంటు పోయి, గాలి కోసం రాత్రి మిద్దె ఎక్కితే అసలు సంగతి తెలిసింది. రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో వెళ్ళి నేను చూస్తున్నవి వాడిపోతున్న పూలు. సొరపువ్వు విచ్చుకునేది చీకటి పడే వేళ.

పిందె రాలడానికి కారణాలు నాలుగైదు ఉన్నాయి, వాటి సంగతి కింద చెప్తాను. కానీ మిద్దెతోటల్లో, అందులోనూ మూడో అంతస్తు, నాలుగో అంతస్తు మీద, ముందుగా అనుమానించాల్సింది ఒక్కటే: మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరలేదు. దాన్ని చేర్చే పని మీరే చేయవచ్చు. సాయంత్రం పావుగంట చాలు.

పేరు దగ్గర ఒక మాట. మా ఉత్తరాంధ్రలో దీన్ని ఆనపకాయ అంటాం. రాయలసీమలోనూ తెలంగాణలోనూ సొరకాయ. చిత్తూరు వైపు వెళ్ళి దీర్ఘం సరిగ్గా పలక్కుండా అనపకాయ అడిగితే చిక్కుడు జాతి అనపగింజల కాయలు చేతిలో పెడతారు. అందుకని ఇక్కడ సొరకాయ అనే రాస్తాను, మా అమ్మ వింటే ఊరుకోదు గానీ.

ముందు దీని పుట్టిల్లు తెలుసుకోండి

మొక్క ఎక్కడ పుట్టిందో తెలిస్తే అది మన పందిట్లో ఎందుకలా ప్రవర్తిస్తోందో సగం అర్థమవుతుంది. సొర పుట్టిల్లు ఆఫ్రికా. దీని దగ్గరి చుట్టాలు, అంటే అదే ప్రజాతిలోని మిగతా జాతులన్నీ, ఇప్పటికీ అక్కడ అడవి తీగలే. అవి ఏళ్ళ తరబడి బతికే రకాలు. మన సొర మాత్రం ఒక్క ఏడాదిలో పుట్టి, కాసి, ఎండిపోతుంది. నిజంగా అడవిలో తనంతట తాను పెరిగే సొర ఎక్కడుందో చాలాకాలం ఎవరూ రూఢిగా చెప్పలేకపోయారు. చివరికి జింబాబ్వేలో దొరికిన తీగను జన్యుపరీక్షలతో సహా 2004లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

ఆఫ్రికా మొక్క మన గుమ్మంలోకి ఎలా వచ్చిందనేది పెద్ద కథ. కాయ ఎండితే చెక్కలా గట్టిపడుతుంది, నీళ్ళమీద తేలుతుంది. 1954లో ఇద్దరు పరిశోధకులు ఎండు సొరకాయల్ని సముద్రపు నీళ్ళలో 224 రోజులు తేలనిచ్చి చూశారు. అన్నాళ్ళ తర్వాత కూడా లోపలి గింజలు మొలిచాయి. కొలంబస్ కంటే వేల ఏళ్ళ ముందే అమెరికా ఖండాల్లో సొర ఎలా ఉందన్న చిక్కుముడికి 2014లో డీఎన్ఏ పరీక్షలు ఇచ్చిన జవాబు కూడా ఇదే. ఆఫ్రికా తీరంనుంచి అట్లాంటిక్ మీద తేలుకుంటూ వెళ్ళిపోయింది. మన ఊళ్ళలో పిల్లలకు నడుముకు ఎండు సొరబుర్రలు కట్టి బావిలో ఈత నేర్పేవాళ్ళు కదా, అదే సూత్రం.

ఇందులో మీకు పనికొచ్చే ముక్కలు ఇవి. అడవిలో ఇది పొదల మీద, చెట్ల మీద ఎగబాకి ఎండ వెతుక్కునే తీగ. కాబట్టి నీడ పట్టున ఉన్న బాల్కనీలో ఆకులు దండిగా వస్తాయి, కాయ రాదు. ఆరేడు గంటల నేరు ఎండ ఉండాలి. వానలు పడగానే మొలిచి, తడి ఉన్నంతలో గబగబా పెరిగే మొక్క కనుక నీళ్ళు బాగా తాగుతుంది. అలాగని వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే ఓర్చుకోదు. గింజ తొక్క గట్టిది, ఒక రాత్రి నానబెట్టి పెట్టండి. డబ్బాలో వేస్తే పాతిక ముప్ఫై లీటర్లకు తక్కువ వద్దు. పెయింటు బక్కెట్లో వేసి పందిరంతా అల్లుకోవాలనుకోవడం మన అత్యాశ.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది: అడవిలో దీని పూలకు చుట్టాలు రాత్రిపూట వస్తారు. పువ్వు తెల్లగా ఉండడం, సాయంత్రం విచ్చుకోవడం, వాసన చీకట్లో తెలియడం, అన్నీ వాళ్ళకోసమే. ఆ చుట్టాలు హాక్‌మాత్‌లు. పొడుగు తొండంతో, పువ్వు ముందు గాలిలో నిలబడి రెక్కలాడిస్తూ తేనె పీల్చే పెద్ద రెక్కల పురుగులు ఇవి. కెన్యాలో సొరపూల దగ్గర కాపువేసి చూసినవాళ్ళకు కనిపించినవీ అవే. మన దగ్గరా ఉన్నాయి. చిలగడదుంప ఆకులు తినే లావుపాటి, తోకమీద కొమ్మున్న గొంగళిపురుగు పెరిగి పెద్దయితే హాక్‌మాతే. పట్నంలో ఎత్తైన డాబామీదికి, చుట్టూ ఎల్ఈడీ దీపాల మధ్యకి, అవి రావడం కష్టం. తేనెటీగలు పొద్దున కొంత పని చేస్తాయి. కానీ అప్పటికి పూలు నలిగిపోయి ఉంటాయి.

మొదటి పని: ఆడపువ్వేదో మగపువ్వేదో గుర్తుపట్టండి

ఒకే తీగ మీద రెండు రకాల పూలూ విడివిడిగా పూస్తాయి. తేడా పువ్వు ముఖంలో వెతక్కండి, వెనక చూడండి. మగపువ్వుకు సన్నటి పొడుగాటి కాడ ఉంటుంది, జానెడు దాకా సాగి పువ్వును ఆకుల పైకెత్తి పట్టుకుంటుంది. ఆడపువ్వు కాడ పొట్టిగా, లావుగా ఉంటుంది. పువ్వుకూ కాడకూ మధ్య నూగుతో ఒక బుల్లి సొరకాయ ముందే తయారై ఉంటుంది. మీరు వేసింది పొడుగు రకమైతే ఆ పిందె పొడుగ్గా, గుండ్రటి రకమైతే గుండ్రంగా. అది కాయ కాదు, ఇంకా అండాశయమే. పుప్పొడి అందితేనే కాయ అవుతుంది, లేకపోతే రాలుతుంది. "పిందె పడింది, కానీ నిలవలేదు" అని మనం బాధపడేది దీని గురించే. నిజానికి అది ఇంకా పడనే లేదు.

ముందు వచ్చేవన్నీ మగపూలే. గింజ పెట్టిన నెలన్నరకు అవి మొదలవుతాయి, ఆడపూలు వారం పదిరోజులు ఆగి వస్తాయి. గొడ్డుపూత అని తీసిపారేసేవాళ్ళను చూశాను. వద్దు. ఆ గొడ్డుపూతే మీ పుప్పొడి డబ్బా.

మీరు వేసింది నిజంగా సొరేనా, గింజల పొట్లంలో తారుమారై గుమ్మడి వచ్చిందా అని అనుమానముంటే ఆకుకాడ ఆకును కలిసే చోట చూడండి. సొరకు అక్కడ రెండు చిన్న బుడిపెలు ఉంటాయి. వాటి చుట్టూ చీమలు తిరుగుతుంటే కంగారుపడి మందు కొట్టకండి.

రెండో పని: గడియారం చూసుకోండి

పాదుజాతి కూరగాయలన్నీ ఒకే వేళకు పూయవు. ఇది తెలియక అన్నిటినీ ఒకే గంటలో చక్కబెట్టబోయి దెబ్బతింటాం. గుమ్మడి తెల్లవారక ముందే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. దోస, కాకర, నేతిబీర కూడా పొద్దుటి పూలే. బీర, పొట్ల, సొర సాయంత్రం జట్టు. బీరపువ్వు పసుపు, పొట్లపువ్వు తెల్లటి కుచ్చు, సొరపువ్వు తెల్లటి పల్చటి కాగితం.

సొరకు సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది మధ్య విచ్చుకునే సమయం. మబ్బు పట్టిన రోజు కాస్త ముందే. మగమొగ్గలో పుప్పొడి తిత్తులు పువ్వు తెరుచుకోకముందే, మధ్యాహ్నమే పగులుతాయి. అంటే సాయంత్రానికి పుప్పొడి సిద్ధంగా ఉంటుంది. ఆ పుప్పొడి మర్నాటి పొద్దుటి వరకే పనికొస్తుంది. ఆడపువ్వు కీలాగ్రానికి, అంటే పువ్వు మధ్యలో పుప్పొడి అంటుకునే భాగానికి, మాత్రం ఓపిక ఎక్కువ. పువ్వు విచ్చుకునే ముందు రోజునుంచే సిద్ధంగా ఉండి, విచ్చుకున్న మర్నాడు కూడా పుప్పొడిని పట్టుకోగలదు.

ఈ తేడాయే మీ వెసులుబాటు. సాయంత్రం ఆఫీసునుంచి రావడం ఆలస్యమైతే రాత్రి తొమ్మిదింటికి టార్చితో చేయండి, ఏమీ కాదు. అదీ కుదరకపోతే రాత్రి విచ్చుకున్న మగపూలను కోసి, మూత ఉన్న డబ్బాలో పొడిగా చల్లగా ఉంచి, తెల్లారి ఆరింటికల్లా అద్దండి. ఎండ ఎక్కాక చేస్తే మాత్రం శ్రమ దండగ.

మూడో పని: పుప్పొడిని ఒకసారి కళ్ళారా చూడండి

ఈ మెట్టు తప్పనిసరి కాదు, కానీ నాకు ఇష్టమైంది. మగపువ్వు రేకులు విప్పితే మధ్యలో మెలికలు తిరిగిన ముద్దలాంటిది కనిపిస్తుంది. జంతికల గొట్టంలోంచి పిండి వత్తినట్టు పుప్పొడి తిత్తులు వంకర్లు పోయి ఉంటాయి. వేలితో తాకితే లేత మీగడరంగు పొడి అంటుకుంటుంది, ఊదితే ఎగరదు. జొన్న, మొక్కజొన్న పుప్పొడిలా గాలికి పోయేది కాదిది. జిగటగా ఉండి పురుగు ఒంటికి అతుక్కుపోయేది. అందుకే పందిరి ఊపినా, ఫ్యాను పెట్టినా లాభం లేదు. టమాటాకు కొమ్మ తట్టి ఊపే చిట్కా ఉంది కదా, అది ఇక్కడ చెల్లదు.

సూక్ష్మదర్శినిలో చూస్తే సొర పుప్పొడి రేణువు దాదాపు గుండ్రంగా, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు అటూఇటూగా ఉంటుంది. ఒంటిమీద వల అల్లినట్టు గళ్ళు. నిలువుగా మూడు గాడులు, ఒక్కో గాడి మధ్యలో ఒక రంధ్రం. పుప్పొడి గొట్టం మొలిచేది ఆ రంధ్రాల్లోంచే. పక్కనే గుమ్మడి పుప్పొడి పెట్టి చూడండి, ఇద్దరూ ఒకే కుటుంబం వాళ్ళంటే నమ్మలేరు. గుమ్మడి రేణువు సొర రేణువుకు రెండింతలు మించి ఉంటుంది, ఒళ్ళంతా ముళ్ళు, గాడులు లేవు, చుట్టూరా రంధ్రాలు. మంచి భూతద్దం ఉంటే పసుపు చుక్కలుగా విడివిడిగా కనిపిస్తుంది కూడా. తొమ్మిది పది తరగతులకు జీవశాస్త్రం చెప్పేవాళ్ళు స్లైడు మీద ఈ రెంటినీ పక్కపక్కన పెడితే పాఠం మరిచిపోరు పిల్లలు. పదిశాతం పంచదార నీళ్ళలో చిటికెడులో చిటికెడు బోరిక్ ఆమ్లం కలిపి, అందులో తాజా పుప్పొడి వేసి కాసేపు ఆగితే గొట్టాలు మొలవడం కూడా చూపించవచ్చు.

ఉత్త నీళ్ళలో వేస్తే మాత్రం రేణువు నీళ్ళు పీల్చుకుని ఉబ్బి పగిలిపోతుంది. ఈ ఒక్క వాక్యం మీ పందిరికి చాలా ముఖ్యం. సాయంత్రం పూట పైపుతో పూలమీద నీళ్ళు చిమ్మకండి. వాన వచ్చేట్టుంటే రేపటికి విచ్చుకోబోయే రెండు మగమొగ్గల్ని కోసి, కాడలు గ్లాసు నీళ్ళలో పెట్టి ఇంట్లో ఉంచుకోండి. అక్కడే విచ్చుకుంటాయి.

నాలుగో పని: చేత్తో అద్దడం

సాయంత్రం నాలుగింటికి ఒకసారి పందిరి కింద తిరిగి, ఆ రోజు విచ్చుకోబోయే మొగ్గల్ని చూసుకోండి. ఆకుపచ్చగా బిగిసి ఉన్నవి రేపటివి, ఎల్లుండివి. కొసన తెల్లగా బయటికి పొడుచుకొచ్చి మెత్తబడినవి ఇవాళ్టివి. ఆడమొగ్గలకు రంగు దారం కట్టుకుంటే చీకట్లో వెతుక్కోనక్కర్లేదు.

చీకటి పడుతుండగా తాజాగా విచ్చుకున్న మగపువ్వును కాడతో సహా కోయండి. అయిదు రేకుల్నీ వెనక్కి మడవండి, లేదా తుంచేయండి. మధ్యలోని పుప్పొడి ముద్ద ఒక బ్రష్షులా బయటికొస్తుంది. ఎడమచేత్తో ఆడపువ్వును కిందనుంచి ఆనించి పట్టుకోండి. పిందెను నొక్కకండి, లేత నూగు పోయి చర్మం గీసుకుంటే అక్కడినుంచే కుళ్ళు మొదలవుతుంది. ఆడపువ్వు మధ్యలో కీలాగ్రం మూడు తమ్మెలుగా, ఒక్కో తమ్మె మళ్ళీ రెండుగా చీలి ఉంటుంది. మగపువ్వును దానిమీద బొట్టు పెట్టినట్టు ఒకచోట అద్ది వదిలేయకండి. మూడు తమ్మెల మీదా నెమ్మదిగా తిప్పుతూ రుద్దండి, పొడి కళ్ళకు కనిపించేంత.

మూడింటిమీదా ఎందుకంటారా? లోపల గింజలు వందల్లో ఉంటాయి. ఒక్కో గింజకు ఒక్కో పుప్పొడి రేణువు కావాలి. ఒకవైపు మాత్రమే అందితే ఆ వైపు గింజలు కట్టి కండ పెరుగుతుంది, రెండోవైపు సన్నబడిపోతుంది. మెడ దగ్గర నొక్కుకుపోయి, వంకర తిరిగిన కాయలు చూసి రకం మంచిది కాదని గింజలమ్మినవాణ్ని తిట్టుకుంటాం. చాలాసార్లు అది పుప్పొడి పిసినారితనం. ఒక ఆడపువ్వుకు ఒక మగపువ్వు, వీలైతే రెండు వాడండి. మగపూలకు కరువేమీ లేదు కదా.

బ్రష్షుతో, ఇయర్‌బడ్‌తో చేయడం కూడా చూస్తుంటాం. నాకు నచ్చదు. జిగట పుప్పొడి సగం బ్రష్షుకే మిగిలిపోతుంది. పువ్వుతో పువ్వుకు రుద్దడమే తేలిక.

అయిదో పని: మూడు రోజులు చూసి, రాలుతున్నది ఎందుకో తేల్చుకోండి

పని కుదిరితే మూడు నాలుగు రోజుల్లో పిందె రంగు నిగనిగలాడుతుంది, లావవుతుంది, కాడ కిందికి వంగుతుంది. పువ్వు వాడినా పిందె ఆకుపచ్చగానే ఉంటుంది. అక్కడినుంచి పన్నెండు పదిహేను రోజుల్లో కూరకు కోయవచ్చు. గోరు సులువుగా దిగితే లేత.

రాలిపోతుంటే ఎలా రాలుతోందో చూడండి. పువ్వు వైపు కొసనుంచి మొదలై, పెరగకుండానే పసుపు తిరిగి ఎండిందా? పుప్పొడి అందలేదు, లేదా అందిన పుప్పొడిలో చేవ లేదు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీల ఎండలో చేత్తో అద్దినా కొన్ని నిలవకపోవడానికి కారణం ఈ రెండోదే, వేడికి పుప్పొడి దెబ్బతింటుంది. అందుకే ఎండాకాలం పంటకు జనవరిలోనే గింజ పెట్టేయాలి, వానాకాలం పంటకు జూన్, జులై.

పిందె కాస్త పెరిగాక ఒకచోట సూదితో గుచ్చినట్టు చుక్క ఉండి, జిగురు కారి, కోసి చూస్తే లోపల తెల్లపురుగులుంటే అది పండుఈగ. పుప్పొడికి సంబంధం లేదు. అద్దిన రెండోరోజే పిందెకు పల్చటి గుడ్డసంచి తొడగండి, పందిరి పక్కన మగ పండుఈగల్ని రప్పించే క్యూలూర్ ఎర ఉన్న బుట్ట వేలాడదీయండి. రాలిన పిందెల్ని కుండీలోనే ఎరువవుతుందని వదలకండి, కవర్లో కట్టి ఎండలో పెట్టండి.

పై రెండు గుర్తులూ లేకుండా, అప్పటికే తీగమీద మూడు నాలుగు కాయలు బలుస్తుంటే, కొత్త పిందెల్ని మొక్కే వదిలించుకుంటోందన్నమాట. దానికి చేయగలిగింది ముందువాటిని లేతగా ఉన్నప్పుడే కోసేయడం. పెద్దదైతే ఇరుగుపొరుగుకు చూపించుకోవచ్చని ఒక కాయను ఉంచేస్తే మిగతా తీగంతా దానికి ఊడిగం చేస్తుంది.

ఆడపూలే రాకపోతే

ఇది వేరే జబ్బు. అద్దడానికి ఆడపువ్వే లేకపోతే పుప్పొడి ఏం చేస్తుంది? నత్రజని ఎక్కువైతే, వేడి ఎక్కువైతే, పగలు పొడుగైతే సొర మగపూలవైపు మొగ్గుతుంది. పశువుల ఎరువు మీద మళ్ళీ యూరియా వేసే అలవాటు ఉంటే మానుకోండి. మొక్క రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఉండగా లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి ఆకులమీద పిచికారీ చేయమని మన వ్యవసాయ శాఖల వాళ్ళు పాదుజాతులన్నిటికీ చెప్తారు. ఆడపూలు పెరుగుతాయి. ఆ దశ దాటాక చేస్తే పెద్దగా ఉపయోగం లేదు, కాబట్టి పూత వచ్చాక గుర్తుచేసుకుని లాభం లేదు.

తల తుంచడం ఇంకో మార్గం. సొరకు ప్రధాన తీగమీద మగపూలు ఎక్కువ, పక్క కొమ్మలమీద ఆడపూలు ఎక్కువ. తీగ పందిరి అందుకోగానే కొస గిల్లేయండి, పక్కకొమ్మలు వస్తాయి. వాటి కొసలు కూడా పది పన్నెండు ఆకుల దగ్గర గిల్లితే మనవళ్ళ తరం కొమ్మలు వస్తాయి. మిద్దెతోటలవాళ్ళు త్రీజీ కటింగ్ అనేది దీన్నే. ఫోను పేరు పెట్టారు గానీ, కొస గిల్లితే కాపొస్తుందని ఊళ్ళలో ముసలమ్మలకు ఎప్పుడో తెలుసు.

న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో పెరట్లో సొర పెట్టిన మనవాళ్ళు జులైలో ఫోటోలు పంపి "అన్నీ మగపూలే" అని వాపోతుంటారు. అక్కడ వేసవి పగళ్ళు మనకంటే బాగా పొడుగు. ఆగస్టు వచ్చి పగళ్ళు తగ్గేకొద్దీ ఆడపూలు కనిపిస్తాయి, ఆలోగా న్యూజెర్సీ వైపైతే చలి తరుముకొస్తుంది. న్యూజెర్సీ లాంటి చోట్ల ఏప్రిల్‌లోనే ఇంట్లో కప్పుల్లో గింజ మొలిపించి, మంచు భయం పోయిన మే నెల మధ్యలో నేలలో పెడితే ఆ కొద్ది రోజులూ కలిసివస్తాయి. అక్కడ టమాటా ఆకులు బోడిచేసే పచ్చటి కొమ్ముపురుగు పెద్దయితే హాక్‌మాత్ అవుతుంది. దాన్ని చంపాలా, సొరపూల కోసం ఉంచాలా అన్నది మీరూ మీ టమాటాలూ తేల్చుకోండి.

మందు కొట్టే వేళ

తేనెటీగలకు హాని కలగకుండా మందులు సాయంత్రం కొట్టమని అందరూ చెప్తారు. మిగతా పంటలకు అది సరే. సొరకూ బీరకూ సాయంత్రమే పూలు తెరుచుకునేది, వచ్చే పురుగులు వచ్చేదీ అప్పుడే. సొర, బీర మాత్రమే ఉన్న పందిరికి తప్పనిసరిగా ఏదైనా చల్లాల్సి వస్తే, పూలు వాడిపోయాక పగటిపూట, ఎండ ముదరకముందు చల్లండి, పక్కన పొద్దుటి పూలున్న పంట లేకుండా చూసుకుని. గంధకం ఉన్న మందులు మాత్రం పాదుజాతులమీద ఏ వేళా వద్దు, ఆకులు మాడిపోతాయి. డాబామీద రాత్రంతా వెలిగే తెల్లదీపం ఉంటే పూతకాలంలో ఆర్పి చూడండి.

విత్తనం దాచుకోవాలంటే

కూరకు అయితే ఎవరి పుప్పొడి అందినా ఒకటే. పక్కన కాకర ఉంటే సొర చేదవుతుందని ఒక నమ్మకం ఉంది, దాన్ని వదిలేయండి. సొర కాకరతో కలవదు, గుమ్మడితో, బీరతో కూడా కలవదు. పైగా ఈ ఏడు కాయ కండ తల్లిమొక్కది, పుప్పొడి ఎవరిదన్నది గింజలోకే వెళ్తుంది. చిక్కు వచ్చేది పొడుగు సొర, గుండ్రటి సొర పక్కపక్కన ఉన్నప్పుడు. ఆ గింజలు దాచి పెడితే వచ్చే ఏడు అటూఇటూ కాని ఆకారాలు వస్తాయి. తేనెటీగ కిలోమీటరు సులువుగా తిరిగొస్తుంది కనుక పట్నంలో దూరం పాటించడం కుదిరే పని కాదు.

అందుకని మధ్యాహ్నం రెండు లోపే, ఇవాళ విచ్చుకోబోయే ఒక ఆడమొగ్గకూ రెండు మగమొగ్గలకూ కాగితం కవరు తొడిగి దారం కట్టండి. ప్లాస్టిక్ వద్దు, లోపల చెమ్మపట్టి పుప్పొడి పాడవుతుంది. సాయంత్రం కవర్లు తీసి, అద్ది, ఆడపువ్వుకు వెంటనే మళ్ళీ కవరు తొడిగి రెండురోజులు ఉంచండి. కాడకు తేదీ రాసిన చీటీ కట్టండి. హైబ్రిడ్ గింజనుంచి వచ్చిన తీగమీద ఈ శ్రమంతా వృథా. పూసా నవీన్, అర్క బహార్ లాంటి సూటి రకాలకో, మీ ఊరినుంచి తెచ్చుకున్న నాటు గింజకో ఇది చేయండి.

నాటు గింజ అన్నాను కాబట్టి చేదు సంగతి చెప్పి తీరాలి. అడవి సొరకాయ చేదు, జంతువులు పచ్చిగా తినేయకుండా అది దాని కాపలా. ఆ గుణం మన పందిరి సొరలో కూడా అప్పుడప్పుడూ ఒక కాయలో తలెత్తుతుంది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి మరణించారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి వేసిన నిపుణుల సంఘం చెప్పిన జాగ్రత్త సులువైనదే. రసం తీసే ముందు చిన్న ముక్క నాలుకమీద పెట్టి చూడాలి, చేదుంటే కాయంతా పారేయాలి, వేరే రసాల్లో కలిపి ఆ చేదును కప్పకూడదు. తాగాక వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఉడికిస్తే చేదు పోతుందనుకోకండి. ఆ తీగ గింజలూ దాచకండి.

విత్తనం కాయను తీగమీదే వదిలేయండి. రెండు నెలలు పైనే పడుతుంది. తీగ ఎండి, పచ్చదనం పోయి, కాయ తేలికై, ఊపితే లోపల గింజలు గలగలమనాలి. అప్పుడు కాడతో సహా కోసి నీడలో నెల రోజులు వేలాడదీయండి. పైన బూజు మచ్చలు వస్తాయి, తుడిచేయండి. మెడ దగ్గర రంపంతో కోస్తే గింజలు దొర్లుకుంటూ వస్తాయి. తాలు తీసేసి, గట్టి గింజల్ని రెండురోజులు నీడన ఆరబెట్టి, కొంచెం బూడిద కలిపి సీసాలో పోయండి, మీద రకం పేరూ సంవత్సరమూ రాసి.

బుర్రను పారేయకండి. లోపలి బెండును చెంచాతో గీకి, గులకరాళ్ళూ నీళ్ళూ పోసి గట్టిగా ఆడించి రెండుమూడుసార్లు కడగండి. పూర్తిగా ఎండాక గింజల సీసాకు బదులు అందులోనే గింజలు పోసి బెండు బిరడా పెట్టుకోవచ్చు. మా ఇంట్లో ఇప్పుడున్న నాటు గింజలు అలాంటి బుర్రలోనే, వంటింటి అటకమీద ఉన్నాయి.